మీరు వెచ్చగా ఉన్నారా?

మా ఆయనకి ప్రపంచంలో ఏం రాబోతోందో అంతా ముందే తెలిసిపోతుంది. ఈ వారం కౌన్సిల్ వాళ్ళు తీసుకెళ్ళేది చెత్త బిన్నా, రీసైక్లింగ్ బిన్నా అన్నది మాత్రం ఇంగ్లండులో ఈ బ్రాక్‌నెల్ వచ్చి ఇన్నేళ్ళయినా తెలియదు. వీధి వీధంతా ఒక రంగు బిన్ను బయటపెడితే మా గుమ్మం ముందు ఇంకో రంగుది నిలబడి ఉంటుంది, పెళ్ళికి వెళ్ళబోయి పక్క హాల్లోకి వెళ్ళిన చుట్టంలాగ.

అయినా ఆయన్ని భవిష్యత్తు గురించి అడిగేవాళ్ళున్నారు. రీడింగ్, బ్రాక్‌నెల్ చుట్టుపక్కల తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ప్రతి శనివారం పొద్దున అందులో "శేషగిరి గారి ముచ్చట" రావాలి. వెబ్‌లో కొత్తగా ఏమొస్తోంది, ఆఫీసుల్లో గాలి ఎటు వీస్తోంది అని ఆయన ఫోన్లో మాట్లాడి పంపిస్తారు. జనం కార్లు కడుక్కుంటూ వింటారట. నేను అంట్లు కడుక్కుంటూ వింటాను, అందరికంటే ముందే.

ఇక అన్నీ యాప్‌లే అన్నారొకప్పుడు. తర్వాత కళ్ళకి డబ్బా కట్టుకుని అందులోనే ఆఫీసుకి వెళ్ళొచ్చే రోజులొస్తాయన్నారు. ఆ డబ్బా కొని తెచ్చి, కళ్ళకి బిగించుకుని, హాల్లో రెండడుగులు వేసి, మా అమ్మ పంపిన మాగాయ జాడీని మోకాలితో పడగొట్టారు. అప్పట్నుంచీ భవిష్యత్తు అనగానే నాకు కార్పెట్ మీద నూనె మరక కనిపిస్తుంది.

ఈ శనివారం ఆయన ముచ్చట మొదలుపెట్టే సమయానికి మా ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయి ఉంది. మేడమీద చిన్నగదిలో మా ఆడపడుచు నాగజ్యోతి మంగళవారం నుంచి తలుపేసుకుని ఉంది. రెంటిలో ఏది ముందు బాగుచెయ్యాలో తెలియక ఆయన ఫోన్ పట్టుకున్నారు.

"హలో ఫ్రెండ్స్, నమస్కారం. ఈ వారం ముచ్చట ఏంటంటే, ఇంక జనం వెబ్‌సైట్లు తెరవరండి. తెరిచి, వెతుక్కుని, చదువుకుని... ఆ రోజులు పోయాయి. అడుగుతారు, జవాబొస్తుంది, అంతే. మనం కట్టే పేజీలన్నీ ఇకమీదట మెషీన్లు చదువుకోడానికే..."

"ఏమండీ, బాయిలర్ మీద ఎర్రదీపం వెలుగుతోంది."

ఆయన ఆగమని చెయ్యి అడ్డం పెట్టారు. "...ఇది మంచా, చెడా అని నన్నడక్కండి. ఇది ట్రెండ్. ట్రెండ్‌తో ఎవరూ పోట్లాడలేరు."

"పోనీ బాయిలర్‌తో పోట్లాడండి."

రికార్డింగ్ ఆపేశారు. "సుభద్రా, నీ గొంతు పడింది."

"పడనివ్వండి. గ్రూపులో వాళ్ళ ఇళ్ళల్లోనూ గొంతులుంటాయి."

ఆయన స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని బాయిలర్ దగ్గరికి వెళ్ళారు. ఆఫ్ చేశారు, ఆన్ చేశారు. ఇంజినీరింగ్ చదివి, ఇన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేసి ఆయన నేర్చుకున్నదాని సారమంతా అదే. ఎర్రదీపం అలాగే చూస్తూ ఉండిపోయింది.

నేను ఉప్మా ప్లేటు పట్టుకుని మేడెక్కాను. నిన్న సాయంత్రం పెట్టిన ప్లేటు తలుపు ముందు అలాగే ఉంది, మూత కూడా కదలలేదు.

"జ్యోతీ, ఉప్మా తెచ్చాను. మీ అన్నయ్య వాటా జీడిపప్పులు కూడా ఏరి నీకే వేశాను."

తలుపు మీద రెండుసార్లు కొట్టాను.

"బాయిలర్ పోయిందే. ఇల్లు ఐసుగడ్డలా ఉంది. కిందికి రా, కాఫీ కలుపుతాను."

"వద్దు వదినా."

రెండు మాటలు. నిన్నటికంటే ఒకటి ఎక్కువ. దానికే సంతోషించి కిందికి దిగాను.

మంగళవారం నుంచీ అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ ఒక్క మాట కూడా లేదు. ఆయన మెట్లెక్కుతారు, ఆ తలుపు ముందు అడుగు నెమ్మదిస్తుంది, చెయ్యి లేస్తుంది, మళ్ళీ జేబులోకి పోతుంది. కిందికొచ్చి, "నిద్రపోతున్నట్టుంది" అంటారు.

"తలుపు కొట్టారా?"

"నిద్రపోతోందిగా."

రాబోయే పదేళ్ళలో మనుషులు ఎలా బతుకుతారో చెప్పగలిగిన మనిషికి, తలుపు అవతల చెల్లెలు ఏడుస్తోందో, నిద్రపోతోందో తెలియడం లేదు.

వాళ్ళిద్దరిదీ ఒకటే కంపెనీ. ఏడాది పొడుగునా నెలనెలా కడితే చలికాలంలో మన బాయిలర్ పాడైనప్పుడు మనిషిని పంపిస్తుంది. దాని వెబ్‌సైట్ కట్టేవాళ్ళలో మా ఆయన ఒకరు. ఆ వెబ్‌సైట్ మూలన చిన్న చాట్ పెట్టె ఉంటుంది. ఇల్లు చల్లబడి, చేతులు వణుకుతున్నవాళ్ళు అందులో రాస్తే, అటువైపు కూర్చుని జవాబు రాసే మనిషి జ్యోతి.

కాకినాడలో కుదరని కాపురాన్ని వదిలేసి, నార్తాంప్టన్‌లో మళ్ళీ కాలేజీలో చేరి, తన కంటే పదేళ్ళు చిన్నపిల్లల పక్కన కూర్చుని చదివి, ఈ ఉద్యోగం సంపాదించుకుంది. చదువు తర్వాత ఇచ్చిన వీసా వచ్చే వేసవితో అయిపోతుంది. సీనియర్ పోస్టు వస్తే కంపెనీయే స్పాన్సర్ చేస్తుంది, ఇక్కడే ఉండొచ్చు. లేకపోతే కాకినాడ, అక్కడ కాపురం ఎందుకు చెడిందో తన కంటే బాగా తెలిసిన నలుగురు.

మంగళవారం మీటింగులో చాట్ డెస్క్ మూసేస్తున్నామని చెప్పారు. రేపట్నుంచి ఆ పని బెత్ చూసుకుంటుందన్నారు. బెత్ అంటే మనిషి కాదు, మెషీన్. మెషీన్‌కి పేరు పెట్టారు, పేరున్న మనుషులకి సెలవిచ్చారు.

నిన్న ఆఫీసు వాళ్ళు జ్యోతికి పంపిన వీడ్కోలు కార్డు మా ఆయన ఫోన్లోకీ వచ్చింది. గంటల్లా మోగే చక్కటి వాక్యాలు నలుగురు రాస్తే నలుగురివీ ఒకేలా ఉన్నాయి. అవీ బెత్ చేతే రాయించి ఉంటారని మా అమ్మాయి ప్రియ అంది. ఎవరూ నవ్వలేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆ శనివారం నాకొక చిన్న దుర్బుద్ధి పుట్టింది. బాయిలర్ కోసం ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. పదహారేళ్ళ నా కూతుర్ని పిలిచి, మెట్ల కింద నిలబడి చాట్‌లో రాయమన్నాను. వచ్చిన జవాబు మేడమీదికి వినపడేలా గట్టిగా చదవమన్నాను.

"వై షౌట్ ఇట్, అమ్మా?" అంది ప్రియ.

"మీ అత్తకి బాయిలర్ల గురించి మనందరికంటే బాగా తెలుసు. తప్పుగా చెబుతున్నారంటే వినలేక కిందికొస్తుంది."

"దట్స్ సో స్నీకీ."

"చదువు."

ప్రియ రాసింది. ఇంగ్లీషులోనే అనుకోండి, నేను తెలుగులో చెబుతున్నాను. "మా బాయిలర్ ఆగిపోయింది, ఎర్రదీపం వెలుగుతోంది."

జవాబు క్షణంలో వచ్చింది. ప్రియ గొంతెత్తి చదివింది. "అయ్యో, ఈ చలిలోనా! నేను బెత్‌ని. మీ వివరాలు తర్వాత చూద్దాం. ముందిది చెప్పండి, ఇప్పుడు మీరు వెచ్చగా ఉన్నారా?"

నా చేతిలో కాఫీ చెంచా ఆగిపోయింది.

ఆ మాట నాకు తెలుసు. మా డైనింగ్ టేబుల్‌కి కూడా తెలుసు.

దసరా వెళ్ళినప్పట్నుంచి క్రిస్మస్ దాకా, ఆదివారం మధ్యాహ్నాలు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ టేబుల్ దగ్గరే కూర్చునేవారు. సీనియర్ పోస్టు కోసం నీ పనితనమంతా ఒకచోట పెట్టి చూపించాలి అన్నారీయన. ఎవరైనా ఇలా రాస్తే ఏం చెబుతావ్, అలాగే ఎందుకు చెబుతావ్ అని అడగడం, ఆమె చెప్పడం, ఈయన లాప్‌టాప్‌లో కొట్టుకోవడం. నేను పకోడీలు వేసేదాన్ని. పిల్లకి దారి దొరుకుతోందని ఉల్లిపాయలు కూడా ధారాళంగా కోశాను.

"అందరూ ముందు కస్టమర్ నంబర్ అడుగుతారు. నువ్వు వెచ్చగా ఉన్నారా అని ఎందుకు మొదలుపెడతావే?" అని అడిగారు ఒక ఆదివారం.

"అమ్మ ఫోనెత్తగానే ఏమనేది అన్నయ్యా? హలో కూడా అనేది కాదు. తిన్నావా అనేది. తిన్నానని చెప్పాకే మిగతా కబుర్లు. ఇక్కడివాళ్ళని తిన్నారా అని అడిగితే పిచ్చిదనుకుంటారు. అందుకని వెచ్చగా ఉన్నారా అంటాను. నాకది తిన్నావా అన్నట్టే."

మా అత్తగారు ఆదిలక్ష్మి పోయి రెండేళ్ళయింది. ఆ మాటకి ఈయన వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. తర్వాత ఆయన దాన్ని లాప్‌టాప్‌లో కొట్టుకున్నారు.

ఇప్పుడదే మాట మా ప్రియ నోట్లోంచి, బెత్ పేరు మీద, మెట్ల మీదుగా పైకి వెళ్ళింది.

మేడమీద తలుపు తెరుచుకుంది.

నేను కోరుకున్నది అదే. కానీ ఆమె దిగి వస్తున్న తీరు చూస్తే, తలుపు మూసి ఉన్నప్పుడే బాగుందనిపించింది. శాలువా కప్పుకుని, జుట్టు ముడేసుకోకుండా, ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి దిగింది. ప్రియ ముందు నిలబడి చెయ్యి చాచింది.

"అత్తా, యు ఓకే?"

"ఫోనియ్యమ్మా."

వంటింటి గుమ్మంలోకి ఈయన వచ్చారు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూసి అక్కడే ఆగిపోయారు.

జ్యోతి రాసింది. "లేదు, చలిగా ఉంది." బెత్ అంది, "అయితే ముందు వేడిగా ఏదైనా తాగండి. మీరు తాగేలోపు నేను చూస్తుంటాను. ఎక్కడికీ పోను."

ఎక్కడికీ పోను. చాట్ చేసే ముసలివాళ్ళు టీ పెట్టుకోడానికి లేస్తే, తిరిగొచ్చేసరికి అవతలి మనిషి వెళ్ళిపోతుందని భయపడతారట. అందుకని జ్యోతి ఆ మాట రాసేది. మాకు చాలాసార్లు చెప్పింది.

"నా మాటలే," అంది జ్యోతి మెల్లగా. "పాత చాట్లన్నీ చదువుకుని ఉంటుంది. అది నాకు మంగళవారమే అర్థమైంది. అందరివీ కలిపి వాడుకుంటారు. అదంతా మామూలే."

ఈయన గుండెల్లోంచి గాలి వదలడం నాకు వినిపించింది. "అదే జ్యోతీ. అందరివీ..."

ఆమె వినడం లేదు. కాసేపు ఫోన్ వంక చూసింది. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేసింది. తర్వాత ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటున్నట్టు రాసింది. నేను భుజం మీదుగా చూశాను.

"ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు."

బెత్ క్షణం కూడా ఆలోచించలేదు.

"అయితే బాయిలర్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ పేరు చెప్పండి."

జ్యోతి ఫోన్‌ని టేబుల్ మీద పెట్టింది. గ్లాసు పెట్టినట్టు, జాగ్రత్తగా. దాంట్లో చిన్న గీత వెలుగుతూ, ఆరుతూ ఆమె పేరు కోసం ఎదురుచూస్తోంది.

"అన్నయ్యా."

మంగళవారం తర్వాత అదే మొదటి పిలుపు.

"ఆఁ, జ్యోతీ."

"ఈ మాట నేను ఏ కస్టమర్‌కీ రాయలేదు."

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"మెషీన్ కదమ్మా. ఎక్కడెక్కడివో చదువుకుని దానంతటదే అల్లేస్తుంది. దాన్నే మేం..."

"ఒంటరిగా ఉన్నానని ఎవరైనా రాస్తే ఏమంటావే అని నువ్వడిగావు. అలా నాకెప్పుడూ ఎవరూ రాయలేదు. అప్పటికప్పుడు ఆలోచించి చెప్పాను, ఇదిగో, ఈ కుర్చీలో కూర్చుని. 'భలే చెప్పావే' అన్నావు. వదినా, నీకు గుర్తుందా?"

"సుభద్రకేం తెలుసు, అది పకోడీల దగ్గర ఉంది," అన్నారీయన.

"ఉన్నాను. అందుకే గుర్తుంది," అన్నాను.

ఆయన నా వంక చూసిన చూపుకి మామూలు రోజైతే ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు అనాలనిపించలేదు.

"చూడు జ్యోతీ," అన్నారు. శనివారం గొంతు వచ్చేసింది ఆయనకి, గ్రూపులో మాట్లాడే గొంతు. "ప్రతి కంపెనీలోనూ ఇదే జరుగుతోంది. చాట్ డెస్కులు ఎక్కడా మిగలవు. నేను చెయ్యకపోతే ఇంకొకడు చేసేవాడు. దీన్ని మనం పర్సనల్‌గా తీసుకుంటే..."

"ఇంకొకడు చేస్తే ఇంకొకడి మీద కోపం వచ్చేది. ఉద్యోగం ఒక్కటే పోయేది."

"అంటే ఇప్పుడు ఇంకేం పోయింది?"

వెనక ఫ్రిజ్ గొణుగుతోంది. ఇంత చలిలో దాని అవసరం కూడా లేదు.

"నీకు ముందే తెలుసా?" అంది జ్యోతి చివరికి. "ఆ ఆదివారాలు ఎందుకో నీకు తెలుసా?"

"ఆఫీసన్నాక వంద పుకార్లు వినిపిస్తాయి. ఏది నిజమో..."

"డాడ్, జస్ట్ ఆన్సర్ హర్," అంది ప్రియ.

"ప్రియా, గో అప్‌స్టైర్స్."

"ఇట్స్ ఫ్రీజింగ్ అప్‌స్టైర్స్."

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే..."

"యు ఆర్ నాట్ టాకింగ్, డాడ్. షీ ఈజ్."

ఈయన స్వెటర్ చేతులు కిందికి లాక్కున్నారు. జ్యోతి ఒక నిమిషం ఆగింది. నిజంగానే ఆగింది, ఆయనకి అవకాశం ఇస్తున్నట్టు. తర్వాత శాలువా సర్దుకుని మేడెక్కిపోయింది. తలుపు వేసుకోలేదు. బీరువా తలుపు తెరిచిన చప్పుడు, సూట్‌కేసు కిందికి దించిన చప్పుడు వినిపించాయి.

టేబుల్ మీద ఫోన్ ఒకసారి మోగింది. ప్రియ తీసి చూసింది.

"ఏమంటోంది?"

"షీ సేస్ టేక్ యువర్ టైమ్." నా కూతురు కళ్ళు తుడుచుకుంది. "అండ్ ది ఇంజినీర్ కాంట్ కమ్ టిల్ మండే."

అన్నీ చెయ్యగలదు బెత్. పానా పట్టుకుని వచ్చే మనిషిని మాత్రం సోమవారం దాకా తేలేదు.

ఆయన మళ్ళీ బాయిలర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నేనూ వెళ్ళాను. ఆయన బొటనవేలు అదే బటన్ నొక్కుతోంది.

"ఎన్నిసార్లు నొక్కుతారు?"

"ఒక్కోసారి పడుతుంది."

"ఏమండీ."

ఆయన నొక్కడం ఆపారు. నా వంక తిరగకుండానే మాట్లాడారు.

"నా వయసువాళ్ళని వేసవిలోనే ఇద్దర్ని పంపేశారు. కొత్తది ఏదైనా చేసి చూపించు శేషగిరీ అన్నాడు మేనేజర్. నవ్వుతూనే అన్నాడు. ఇక్కడివాళ్ళు నవ్వుతూ అంటే ఏమిటో నీకు తెలియదు సుభద్రా. నా ఉద్యోగం కూడా పోయేది. ఈ ఇల్లు, ప్రియ చదువు..."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు జ్యోతికి చెప్పేదానివి."

"అవును."

"మరి?"

శనివారం శనివారం లోకానికి ధైర్యం చెప్పే మనిషి, ఇన్ని నెలలు లోపల ఇంత భయం పెట్టుకుని నా పక్కన పడుకున్నాడు. అది తలుచుకుంటే జాలేసింది. ఆ భయానికి చెల్లెల్ని అడ్డం పెట్టుకున్నాడు. అది తలుచుకుంటే జాలి ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"వెళ్ళి ఆ మాటే చెప్పండి ఆమెకి," అన్నాను. "భయపడ్డానని చెప్పండి."

"ఏం చెప్పినా తప్పు చేసినవాణ్ణే అవుతాను. నేనేం తప్పు చేశాను? దానికి ఇంకో ఉద్యోగం చూద్దామనే అనుకున్నాను. రీడింగ్‌లో ఇద్దరు ముగ్గురితో మాట్లాడాను కూడా."

"ఆమెతో తప్ప అందరితో మాట్లాడారు."

మళ్ళీ బటన్ నొక్కారు. ఎర్రదీపం.

మధ్యాహ్నం పైనుంచి జ్యోతి ఫోన్లో మాట్లాడుతున్న మాటలు వినిపించాయి. అవతల పుష్పలీల, నార్తాంప్టన్‌లో ఆమెతోపాటు చదువుకున్న అమ్మాయి. ఆస్పత్రిలో పని, డ్యూటీ అయిపోయాక కారేసుకుని వస్తానంటోంది.

"వద్దులేవే, ఇంత దూరం... సరే. కాదు, దెబ్బలాట ఏమీ లేదు. ఇక్కడ బాయిలర్ పనిచెయ్యడం లేదు, అంతే."

నేను పైకి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. ఆమె చీరలు మడుస్తోంది. ఇక్కడికొచ్చాక ఒక్కటీ కట్టలేదు, అయినా అన్నీ మడతలు విప్పి మళ్ళీ మడుస్తోంది.

"సోమవారం బాయిలర్ బాగైపోతుంది జ్యోతీ."

"తెలుసు వదినా. శనివారం చెబితే అన్నిటికీ సోమవారమే ఇస్తారు. నేనైతే డిపోలో ఇంజినీర్లని పంపే మైక్‌కి ఫోన్ చేసి బతిమాలి రేపే మనిషిని పంపించేదాన్ని." చటుక్కున ఆగింది. "చూశావా, అది మాత్రం చెప్పలేదు అన్నయ్యకి. అడగలేదు మరి."

నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో ఆమె నవ్వు దారి తప్పింది. చీర మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను వీపు మీద చెయ్యి వేశాను.

"వీసా గురించి కాదు వదినా," అంది చివరికి, చీరలోంచే. "కాకినాడ వెళ్ళినా బతుకుతాను. ఆ ఆదివారాలు నాకు చాలా బాగుండేవి. అన్నయ్య నన్ను ఏదైనా అడగడం, నేను చెబితే రాసుకోవడం... మా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదెప్పుడూ. అవి అబద్ధమైతే నాకు మిగిలేది ఏమీ లేదు. అందుకే నేను అడిగినప్పుడు అన్నయ్య ఒక్కసారి అవునని చెప్పి ఉంటే బాగుండేది. ఆ ఒక్కటైనా నిజం చెప్పాడనుకునేదాన్ని."

సాయంత్రం చీకటి త్వరగానే పడింది. ఇక్కడి చలికాలంలో చీకటికి తొందరెక్కువ. బయట కారు ఆగింది, పుష్పలీల హారన్ ఒకసారి చిన్నగా కొట్టింది.

జ్యోతి సూట్‌కేసు గుమ్మం దగ్గర పెట్టి, మెట్టు మీద కూర్చుని ఒక కాలికి బూటు వేసుకుంది. ప్రియ ఆమె పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది. నేను చిన్న డబ్బాలో కారప్పొడి, ఇంకో డబ్బాలో నెయ్యి పెట్టి సంచిలో సర్దుతున్నాను. ఏదో ఒకటి చెయ్యకపోతే చేతులు ఊరుకోవు.

వంటింట్లో మైక్రోవేవ్ గంట కొట్టింది.

ఆయన ప్లేటు పట్టుకుని వచ్చారు. పొద్దుటి ఉప్మా. ఒక వైపు మాడింది, మధ్యలో ఇంకా చల్లగానే ఉండి ఉంటుంది, ఆయన ఎప్పుడూ కలపరు. రెండు చేతులతో పట్టుకుని, చెల్లెలి ముందు నిలబడ్డారు. ఏం చెప్పాలో ఎంతసేపు వెతుక్కున్నారో గాని, చివరికి దొరికింది అదొక్కటే.

"తిన్నావా?"

జ్యోతి తలెత్తింది. కోపంగా చూస్తుందనుకున్నాను. కోపం లేదు. చిన్నపిల్లాడు ఖరీదైనదేదో పగలగొట్టి తెచ్చి చూపిస్తే చూసినట్టు చూసింది.

"ఆ మాట నువ్వు ఆఫీసుకి ఇచ్చేశావు అన్నయ్యా. ఇంక మన ఇంట్లో లేదు."

ఆయన చేతుల్లో ప్లేటు ఒరిగింది. ఉప్మా జారి కార్పెట్ మీద, ఆ పాత మాగాయ మరక పక్కన పడింది. నేను వంగబోయి ఆగిపోయాను.

బయట హారన్ ఇంకోసారి మోగింది. జ్యోతి రెండో బూటు చేతిలోకి తీసుకుంది.

"చాట్‌లో ఎవరు బాగా రాస్తారని ఆఫీసులో అడిగారు," అన్నారాయన. శనివారం గొంతు కాదది. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని నాకే తెలియదు. "మా చెల్లెలని చెప్పాను. గొప్పగా చెప్పాను జ్యోతీ, నీ గురించి చెబుతుంటే నాకు ఛాతీ పొంగింది. ఎందుకడిగారో తర్వాత చెప్పారు. చాట్ డెస్క్ తీసేస్తామని కూడా అప్పుడే చెప్పారు. అది మొదటి ఆదివారానికి ముందే."

ప్రియ తల ఎత్తింది. జ్యోతి చేతిలో బూటు కదలలేదు.

"సీనియర్ పోస్టు అన్నది ఏదీ లేదు. నేను కల్పించాను. లేకపోతే నువ్వు కూర్చోవని. తెలిసి తెలిసే నీ పక్కన కూర్చున్నాను. అమ్మ మాట నువ్వు చెప్పినరోజు ఆపేద్దామనుకున్నాను, ఆపలేదు. ఆ సాయంత్రమే బెత్ కోసం పంపించేశాను." ఖాళీ ప్లేటు వంక చూసుకున్నారు. "నా ఉద్యోగం కోసం. అది ఉంది ఇప్పుడు."

జ్యోతి ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో అలాగే కూర్చుని అన్న మొహంలోకి చూస్తోంది. తలుపు అవతల పుష్పలీల కారు ఇంజిన్ నడుస్తూనే ఉంది.

"ట్రెండ్ కాదు జ్యోతీ," అన్నారాయన. "నేను. తప్పు చేసింది నేను."